మా వదినా, కొండసందు కాపలావాడూ

మా ఆయన చేసిన వీడియో గేములో ఎటైనా వెళ్ళొచ్చు. ఆ మాట డబ్బా మీద ఉంటుంది, ప్రకటనల్లో ఉంటుంది, ఇంటికి ఎవరొచ్చినా మా ఆయన నోట్లోనూ ఉంటుంది. కొండ కనిపిస్తే ఎక్కొచ్చు, ఏరు కనిపిస్తే దాటొచ్చు, ఏదీ తోచకపోతే ఓ బండ మీద కూర్చుని మబ్బులు చూస్తూ ఉండొచ్చు. అందరినీ అన్ని చోట్లకూ వెళ్ళనిచ్చే ఆ ఆట మా వదినను మాత్రం ఆవిడ వెళ్ళాలనుకున్న ఒకే ఒక్క చోటికి వెళ్ళకుండా చేసింది. ఆ కోపం నాకింకా చల్లారలేదు. చల్లారాక చెబితే బాగుంటుందేమో గానీ, అంతవరకు ఆగే ఓపిక నాకు లేదు.

వదిన అంటే మా ఆయనకు అక్క. సిటీ బస్సు డ్రైవరు. రైల్వే స్టేషను దగ్గర మొదలై, పెద్దాసుపత్రి మీదుగా, ఊరి చివర నీళ్ళ ట్యాంకు దాకా వెళ్ళే ఏడో నంబరు బస్సు ఆవిడది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే ఆ దారిలో అందరూ ఆవిడను ఏడో నంబరక్క అనేవారు. పెళ్ళి మాటెత్తితే "నా బండికి టైమైంది" అని లేచి వెళ్ళిపోయేదట. సెలవు రోజు కూడా అదే మాట చెప్పేదని మా అత్తగారు తల పట్టుకునేవారు. మా ఎదురు వాటాలో ఒంటరిగా ఉంటుంది. ఒంటరిగా అన్నాను గానీ, మా ఇంట్లో కాలు పెట్టని పూట ఒక్కటీ లేదు.

నేను పనిచేసే మందుల షాపు పెద్దాసుపత్రి ఎదురుగా ఉంది. అందుకని ఆవిడ బస్సు నడపడం నేను రోజూ చూసేదాన్ని. అంత పొడవు బండిని బస్టాపు అరుగుకు ఆనీ ఆననట్టు ఆపేది. చేతికర్ర పట్టుకున్న ముసలివాళ్ళు కాలు పైకెత్తే పని లేకుండా లోపలికి నడిచేవారు. సీటు మీద తనే కుట్టుకున్న నీలం దిండు ఒకటి ఉండేది. డ్యూటీ దిగేటప్పుడు దాన్ని చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకునేది, ఇంకెవరూ దాని మీద కూర్చోకుండా.

"రోజూ అదే దారిలో తిరగడం విసుగనిపించదా వదినా?" అని ఒకసారి అడిగాను.

"మలుపు దగ్గర మొన్న ఉన్న గొయ్యి నిన్న లేదు. నిన్న లేని కుక్క ఇవాళ ఉంది. విసుక్కునే తీరికెక్కడిది అమ్మాయ్?" అంది.

ఈ అక్కాతమ్ముళ్ళకు చిన్నప్పుడు ఇద్దరికీ కలిపి ఒకే ఒక్క వీడియో గేము ఉండేది. టీవీకి తగిలించుకునే నల్లపెట్టె, దానికి ఒకటే కంట్రోలరు. ఆ ఆటలో నెత్తికి ఎర్రగుడ్డ కట్టుకున్న ఒక సాహసి ఎడమ నుంచి కుడికి పోతూనే ఉండాలి. పక్కకు తిరగడానికి లేదు, వెనక్కి రావడానికి లేదు. చివర్లో లోయ, లోయ మీద రాళ్ళ వంతెన. కాలు పెట్టిన రాయి కూలిపోతుంది, పెట్టబోయే రాయి ఊగుతుంది. ఒక్క క్షణం తడబడితే లోయలోకి పడి మళ్ళీ మొదటికి రావాల్సిందే. వంతెన అవతల ఓ కొండ ఊరిస్తూ కనిపిస్తుంది. బాల్యమంతా ఆడినా ఇద్దరిలో ఏ ఒక్కరూ ఆ వంతెన దాటలేదు.

వాళ్ళ మధ్య ఒక కట్టడి ఉండేది. ఒకరు ఆడుతుంటే ఇంకొకరు చేయి వేయకూడదు. ఓడిపోతున్నా సరే, చేతులు కట్టుకుని చూడాలి. ఒకసారి అక్క లోయలో పడబోతుంటే మా ఆయన ఆగలేక కంట్రోలరు లాక్కుని రెండు రాళ్ళు దాటించాడట. ఆ దెబ్బతో వదిన ఎన్నో రోజులు ఆయనతో మాటలు మానేసింది. ఈ సంగతి ఇద్దరూ నాకు నవ్వుతూనే చెప్పారు. అప్పుడు నేనూ నవ్వాను.

ఆ ఆట దగ్గరే ఇద్దరి బుద్ధులూ బయటపడ్డాయి. "ఆ కొండ వెనకాల ఏముందక్కా?" అని తమ్ముడు ప్రాణం తీసేవాడట. "ఏముంటుందిరా, గోడుంటుంది. గీసేవాడికి ఓపిక అయిపోయుంటుంది," అని అక్క కొట్టిపారేసేది. ఆవిడకు కొండతో పని లేదు, వంతెన కావాలి. ఆయనకు వంతెన వద్దు, కొండ వెనక కావాలి. పెద్దయ్యాక ఆవిడ ఒక్క దారి ఉన్న ఉద్యోగం వెతుక్కుంది. ఈయన దారీతెన్నూ లేని ఆటలు తయారుచేసే ఉద్యోగంలో చేరాడు. చేరాడు అనే అంటాను. ఈ కథ ముగిసేదాకా ఆయనకు బహువచనం తగిలించే ఉద్దేశం నాకు లేదు.

పోయినేడాది వానల్లో వదిన డిపో మెట్ల మీద జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ, లోపలి నరం మాట వినడం మానేసింది. వేళ్ళు కదులుతాయి. కదలమన్నాక కాసేపు ఆలోచించుకుని కదులుతాయి.

బస్సు డ్రైవర్లకు దెబ్బ తగిలి కోలుకుంటే మళ్ళీ స్టీరింగు ఇచ్చే ముందు ఒక పరీక్ష పెడతారు. చీకటి గదిలో ఎదురుగా లైట్లుంటాయి. ఎటువైపు లైటు వెలిగితే అటువైపు మీట నొక్కాలి. ఏది ఎప్పుడు వెలుగుతుందో ముందుగా తెలియదు. వదిన మొదటిసారి తప్పింది. ఏడాది లోపల ఇంకొక్క అవకాశం ఇస్తారు. ఆ రెండోసారి కూడా తప్పితే ఇక జీవితంలో బస్సు తాళం చేతికివ్వరు.

అప్పటిదాకా ఆవిణ్ణి డిపోలో మైకు ముందు కూర్చోబెట్టారు. ఏ బస్సు ఎక్కడుందో చెప్పే పని. "ఏడో నంబరు బస్సు బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నది," అని తన నోటితోనే చెప్పేది. కిటికీలోంచి చూస్తే ఎవరో కుర్రవాడు ఆ బస్సును అరుగుకు మూరెడు దూరంలో ఆపి, ముసలివాళ్ళను దూకించేవాడు. సాయంత్రం మా ఇంటికొచ్చి ఆ మూరెడు దూరాన్ని రెండు చేతులతో చూపించి మరీ తిట్టేది.

చేతికి వ్యాయామం చేయించే ఫిజియోథెరపీ డాక్టరమ్మ ఆవిడకు ఒకటే చెప్పింది. "వేళ్ళకి తొందర నేర్పే పని రోజూ ఏదైనా చెయ్యండి. మీ చెయ్యి మీకు పూర్తిగా దారికొచ్చిందనిపించాకే పరీక్షకి వెళ్ళండి. ఈలోపు తొందరపడొద్దు. ఉన్నది ఒక్క అవకాశం."

ఆ మాట విని మా ఆయన తన కొత్త ఆటను ఇంటికి తెచ్చాడు. అది అప్పటికింకా బజారులోకి రాలేదు.

"అక్కా, ఆఫీసు వాళ్ళు కాకుండా దీన్ని ఆడే మొదటి మనిషివి నువ్వే," అన్నాడు.

"సరేరా. కానీ పాత కట్టడి గుర్తుందిగా? నేనాడుతుంటే చెయ్యి వెయ్యకూడదు."

"గుర్తుందక్కా. వెయ్యను."

ఇద్దరూ మా సోఫాలోనే కూర్చుని ఉన్నారు. నేను బట్టలు మడతపెడుతూ విన్నాను. ఆ మాటకు నేనే సాక్షిని.

మొదటి సాయంత్రం నవ్వలేక చచ్చాం. తెర మీద ఎంత దూరం చూసినా గడ్డి, గుట్టలు, ఏరు, దూరంగా కోట. వదిన కంట్రోలరు పట్టుకుని బొమ్మను కదలనివ్వకుండా నిలబెట్టింది.

"ఎటెళ్ళాలి?"

"ఎటైనా వెళ్ళొచ్చక్కా. అదే కదా ఇందులో గొప్ప."

"ఎటైనా అంటే ఎటురా? బోర్డేది?"

"బోర్డుండదు. నీకు ఎటు చూడబుద్ధైతే అటు వెళ్ళు."

"నువ్వు పెట్టిన చోట్లకే కదా వెళ్ళేది. ఆ మాత్రం దానికి ఇంత తిరుగుడెందుకు? వరసగా పెడితే పోయేది కదా," అంది.

నాలుగు రోజులు తిరిగి ఆవిడ ఆ ప్రపంచంలో కూడా ఒక రూటు తయారుచేసుకుంది. పిండిమర దగ్గర మొదలు, బావి మీదుగా, పడవల రేవు పక్కనుంచి, కోట దాకా. అటు వెళ్ళి ఇటు వచ్చేది. దారిలో ఆట మనుషులు కనిపిస్తే ప్రతిసారీ ఆగి పలకరించేది. ఆఫీసులో ఈ సంగతి చెబితే అందరూ పడీపడీ నవ్వారట. ఇంత లోకం కట్టి ఇస్తే ఆవిడ బస్సు నడుపుతోందని.

పడవల రేవుకీ కోటకీ మధ్య రెండు కొండలున్నాయి. వాటి మధ్య సందులో ఒక కాపలావాడు ఉంటాడు. తాటిచెట్టంత మనిషి, చేతిలో దుడ్డుకర్ర. దగ్గరకెళితే కర్ర ఎత్తుతాడు. ఎడమనుంచి కొడతాడో కుడినుంచి కొడతాడో తెలియదు, చూసి చటుక్కున తప్పుకోవాలి. తప్పుకోకపోతే ఒక్క దెబ్బకే చిత్తు.

"వాడితో పెట్టుకోకక్కా. ఆఫీసులో కూడా ఎవరూ పెట్టుకోరు. కొండ చుట్టూ తిరిగి వెళ్ళొచ్చు, ఏరు మీదుగా వెళ్ళొచ్చు. ఇన్ని దారులు పెట్టింది అందుకేగా," అన్నాడు మా ఆయన.

"బస్సు ముందు ఎవడో అడ్డంగా నిలబడితే పొలాల్లోంచి పోతానా? దిగమంటాను," అంది వదిన. ఆ రోజు నుంచి వాడికి 'టికెట్ లేనివాడు' అని పేరు పెట్టింది.

తర్వాత ఒక ప్రశ్న వేసింది. ఇది నాకు బాగా గుర్తుంది. "వీడు ఎటు కొడతాడో ముందుగా తెలిసే వీలుందా?"

"లేదక్కా. చూసి కదలాల్సిందే."

"అయితే ఆ లైట్ల గదీ, వీడూ ఒకటే. వీణ్ణి దించేసిన రోజు నా చెయ్యి దారికొచ్చినట్టు."

మా ఆయన తలూపాడు. ఇది కూడా నాకు బాగా గుర్తుంది.

ఇక చూడాలి ఆవిడ పట్టుదల. డిపో నుంచి రాగానే మొహం కడుక్కుని మా సోఫాలో ఆ నీలం దిండు వేసుకుని కూర్చునేది. టికెట్ లేనివాడు కర్ర ఎత్తేవాడు, వదిన చిత్తయ్యేది. మళ్ళీ పిండిమర దగ్గర నుంచి నడిచి వచ్చేది. ఏరు మీదుగా దగ్గర దారి ఉందని మా ఆయన చెప్పినా వినేది కాదు. దెబ్బ తిన్నప్పుడల్లా కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని ఎడమచేత్తో వేళ్ళు ఒక్కొక్కటే లాగేది. మొహం ఇంతయిపోయేది. నేను చూడలేక వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. మా ఆయన మాత్రం పక్కనే కూర్చునేవాడు, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని. అక్క ఎలా ఆడుతుందో చూస్తే ఆటకు మంచిదని చెప్పేవాడు. ఆటకు మంచిదే అయింది.

కొన్ని వారాలకు మార్పు కనిపించింది. మొదట ఒక దెబ్బ తప్పించుకుంది. తర్వాత రెండు, మూడు. ప్రతి సాయంత్రం ఒక పిసరు మెరుగు. "వేళ్ళు మాట వింటున్నాయి అమ్మాయ్," అని నాకు చేయి చాపి చూపించేది. నేను ఆ వేళ్ళు పట్టుకుని చూసి, నిజమేనన్నాను. నిజంగానే నాకు అలా అనిపించింది.

ఒకరోజు చీకటి పడకముందే వాణ్ణి దించేసింది. టికెట్ లేనివాడు మోకాళ్ళ మీద కూలి, కర్ర వదిలేసి, పక్కకు ఒరిగాడు. వదిన లేచి నిలబడి, కంట్రోలరును మైకులా నోటి దగ్గర పెట్టుకుని, డిపో గొంతుతో ప్రకటించింది. "ప్రయాణికులకు విజ్ఞప్తి. కొండసందు వద్ద టికెట్ లేని ప్రయాణికుణ్ణి దించివేయడమైనది. ఏడో నంబరు బస్సు కోటకు బయలుదేరుచున్నది." నేను చప్పట్లు కొట్టాను. ఆవిడ నన్ను పట్టుకుని గిర్రున తిప్పింది. మా ఆయన కళ్ళల్లో నీళ్ళు. ఎంత మంచి తమ్ముడో అనుకున్నాను. మర్నాడు మళ్ళీ గెలిచింది, ఆ మర్నాడూ గెలిచింది. ఇక ఆవిడ కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఆ వారాంతంలో భోజనాల దగ్గర చెప్పింది. "పరీక్షకి పేరిచ్చేశాను. వచ్చే వారమే."

మా ఆయన చేతిలో గ్లాసు అక్కడే ఆగిపోయింది. "ఇంకొన్నాళ్ళు ఆగొచ్చు కదక్కా? ఏడాదికి ఇంకా చాలా టైముందిగా."

"ఆగడం దేనికి? వాణ్ణి గెలిచాను కదా."

"గెలిచావనుకో... ఎందుకైనా మంచిదని."

"ఎందుకైనా అంటే?"

మా ఆయన నీళ్ళు నమిలాడు. వదిన నావైపు చూసి కన్ను గీటింది, వీడికి నా మీద బెంగ అన్నట్టు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ భోజనాల బల్ల దగ్గర ఆయన ఒక్క వాక్యం చెప్పి ఉంటే ఇవాళ ఈ కథే లేదు. బల్ల చుట్టూ మేం ముగ్గురమే ఉన్నాం, పరాయివాళ్ళు లేరు, తలుపు వేసే ఉంది. నోరు విప్పడానికి అంతకంటే అనువైన చోటు ఈ లోకంలో ఉంటుందా? ఆయన గ్లాసులో నీళ్ళు తాగేసి లేచి చేతులు కడుక్కున్నాడు.

పరీక్షకు నేను తోడు వెళ్ళాను. పొద్దున్నే తలంటుకుని, ఇస్త్రీ చేసిన డ్రైవరు చొక్కా వేసుకుని, నీలం దిండు సంచిలో పెట్టుకుని వచ్చింది. నెగ్గితే ఆ రోజే బండి ఎక్కిస్తారేమోనని ఆశ. బయట బెంచీ మీద నేను ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. లోపల్నుంచి మీట నొక్కిన చప్పుడు వినిపిస్తోంది. మొదట్లో ఉత్సాహంగా, తర్వాత తడబాటుగా.

తలుపు తీసుకుని బయటికొచ్చింది. నా వైపు చూడలేదు. సంచి అందుకుంది.

"ఆ లైట్లు మరీ తొందరగా ఆరిపోతున్నాయి అమ్మాయ్. నేను చూసేలోపే ఆరిపోతున్నాయి. వాడి కర్ర అలా ఉండదు. మిషన్లో ఏదో తేడా ఉంది."

లోపలి ఉద్యోగి మంచి మనిషే. ఇంకోసారి పెట్టడానికి నిబంధనలు ఒప్పుకోవని మెల్లగా చెప్పాడు. వదిన ఆయనకు దణ్ణం పెట్టి వచ్చేసింది. తిరుగు ప్రయాణంలో మేం ఏడో నంబరు బస్సే ఎక్కాం. వెనక సీటులో కూర్చుంది. పెద్దాసుపత్రి దగ్గర బండి మూరెడు దూరంలో ఆగింది. ఆవిడ ఆ రోజు తిట్టలేదు.

సాయంత్రం మా ఆయన వచ్చి, విషయం విని, అక్క పక్కన కూర్చుని వీపు నిమిరాడు. "మిషన్లోనే ఏదో తేడా ఉండుంటుందక్కా," అన్నాడు. ఆ మాట ఆయనే అన్నాడు, నా చెవులతో విన్నాను. నమ్మించి గొంతు కోయడమంటే పుస్తకాల్లో మాటనుకునేదాన్ని.

ఆట విడుదలైంది. ఎక్కడ చూసినా దాని పేరే. మా ఆయనతో ఎవరో పెద్ద ఇంటర్వ్యూ చేశారు, నెట్‌లో పెట్టారు. ఆదివారం మధ్యాహ్నం ఆయన ఆఫీసు వేడుకకు వెళితే, వదినా నేనూ దాన్ని టీవీలో పెట్టుకుని కూర్చున్నాం. పరీక్ష పోయాక వదిన నవ్వింది ఆ రోజే. "చొక్కా గుండీ సరిగా పెట్టుకోలేదు చూడు నా తమ్ముడు," అని మురిసిపోయింది.

అడిగే అమ్మాయి మంచి ప్రశ్న వేసింది. ఒకే దారి ఉన్న పాత ఆటల్లో కష్టం ఉండేది, గెలిస్తే విలువుండేది, అన్ని వైపులా తెరిచేస్తే ఆ విలువ పోదా అని.

మా ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. "కష్టం కూడా ఒక గోడేనండి. నేను గోడలు తీసేసేవాణ్ణి. అందుకే మా ఆటలో ఒక ఏర్పాటు ఉంది. మీరు ఓడిపోయిన కొద్దీ ఎదుటివాడి కర్ర వెంట్రుకవాసి నెమ్మదిస్తుంది. మీకు తెలీదు. మీరే మెరుగుపడ్డారనుకుంటారు. సంతోషంగా ఆడతారు."

వదిన దిండు మీద సర్దుకుని కూర్చుంది.

"ఈ ఆలోచన మా అక్క వల్ల వచ్చింది. ఆవిడ చెయ్యి కొంచెం నెమ్మది. ఓడిపోయి ఓడిపోయి మొహం చిన్నబుచ్చుకునేది. పక్కన కూర్చుని ఆవిడకి సరిపోయేలా కొంచెం కొంచెంగా సర్దుతూ వచ్చాను. ఇప్పుడు రోజూ గెలుస్తోంది," అని నవ్వాడు. "ఆవిడకి ఇప్పటికీ తెలీదు."

ఆ అమ్మాయి కూడా నవ్వింది. ఎంత ప్రేమో అంది.

వదిన కుడిచేతిని పైకెత్తి, వేళ్ళు మూసి, తెరిచి చూసుకుంది. మళ్ళీ మూసి తెరిచింది.

"అయితే నా చెయ్యి బాగవలేదన్నమాట. కర్ర నెమ్మదించింది," అంది. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, "మిషన్ మంచిదే అమ్మాయ్," అంది.

ఆ ఇంటర్వ్యూ పరీక్షకు ముందే రికార్డు చేశారని తర్వాత తెలిసింది. అదొక్కటే మా ఆయన తరఫున చెప్పుకోదగ్గ మాట అనుకున్నాను మొదట. ఆలోచించిన కొద్దీ అదే ఎక్కువ మండించింది. కెమెరా ముందు కూర్చుని లోకమంతటికీ చెప్పగలిగాడు. భోజనాల బల్లకు అవతల కూర్చున్న మనిషికి చెప్పలేకపోయాడు.

ఆయన వేడుక నుంచి పూలగుత్తితో వచ్చాడు. టీవీ తెర మీద ఆయన మొహమే ఆగి ఉంది. వదిన దాన్ని ఆపెయ్యలేదు.

"చెయ్యి వెయ్యనన్నావు," అంది.

పూలగుత్తి ఎక్కడ పెట్టాలో తెలియక ఆయన చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. "నువ్వలా ఓడిపోతుంటే నీ మొహం చూడలేకపోయానక్కా."

"చూడలేకపోతే పక్క గదిలోకి వెళ్ళాల్సింది. నీ పెళ్ళాం వెళ్ళలేదూ?"

"చెప్తే నువ్వు ఆడవు కదా."

"ఆడను. ఇంకో పని చేసుకునేదాన్ని. బంతి పిసుక్కునేదాన్ని. ఏడాదీ ఆగేదాన్ని."

"ఆగమని చెప్పానుగా అక్కా..."

"ఎందుకో చెప్పావా?"

ఆయన పూలగుత్తిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"చిన్నప్పుడు నా చేతిలోంచి లాక్కున్నావు చూడు, అది నయంరా. నాకు కనిపించింది. పోట్లాడాను. ఈసారి నా చేతిలోనే ఉంచి ఆడించావు," అంది వదిన. గొంతు పెంచలేదు. లేచి, దిండు తీసుకుని, ఎదురు వాటాలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆవిడ గొంతు పెంచలేదని నేనేం ఊరుకోలేదు. నాలుగు వాటాలకు వినబడేలా కడిగేశాను. "నా షాపులో సీసాలో ఏముందో పైన రాయకుండా మందు అమ్మితే మర్నాడే తాళం వేయిస్తారు. మంచి మందే కదా, రోగికి బాగానే ఉంది కదా అంటే ఊరుకుంటారా? మీకు మాత్రం ఏది ఎవరి నోట్లో పోసినా ప్రేమే." ఆయన సోఫాలో కూలబడి, "నేను మంచే చేద్దామనుకున్నాను," అన్నాడు. అందులో అబద్ధం లేదని నాకు తెలుసు. అందుకే కోపం ఇంకా పెరిగింది.

కొన్నాళ్ళకు ఆయన ఎదురు వాటా తలుపు తట్టాడు. చేతిలో ఆట కొత్త కాపీ. నేను వెనకే ఉన్నాను.

"అక్కా, ఇందులో అదంతా తీసేశాను. నీ ఒక్కదానికోసం చేశాను. కర్ర ఎప్పుడూ ఒకే వేగం. నువ్వెన్నిసార్లు ఓడిపోయినా మారదు."

వదిన తలుపు సగమే తెరిచింది. "తీసేశావని నాకెలా తెలుస్తుంది?"

"నేను చెప్తున్నాగా."

ఆవిడ ఆయన మొహంలోకి చూస్తూ నిలబడింది. తను అన్నదేమిటో ఆయనకే కాసేపటికి అర్థమైంది. కాపీని వెనక్కి తెచ్చేసుకున్నాడు. ఈ కొత్త దానిలో నిజంగా ఏ సర్దుబాటూ లేదు, నేను నమ్ముతాను. ఒట్టు. కానీ ఆ ఒట్టు వేయాల్సింది ఆయన కదా, ఆయన ఒట్టుకు విలువెక్కడుంది?

వదిన అటక మీంచి పాత నల్లపెట్టె దింపించింది. దుమ్ము దులిపి, టీవీకి తగిలిస్తే ఆశ్చర్యంగా వెలిగింది. ఎర్రగుడ్డ సాహసి వచ్చి నిలబడ్డాడు.

"ఈ చేత్తో ఆ వంతెన ఏం దాటుతారు వదినా?" అన్నాను, మనసు చివుక్కుమన్నా.

"ఇందులో రాళ్ళు ఎప్పుడూ అదే వరసలో కూలతాయి అమ్మాయ్. చెయ్యి ఆలస్యమైతే ముందే బయల్దేరతాను. దారి తెలిస్తే చాలు. పైగా దీన్ని చేసినవాళ్ళకి నేనెవరో తెలీదు," అంది. ఆ చివరి మాట చాలా నిశ్చింతగా అంది.

డిపోలో మైకు పని ఇక ఆవిడకు ఖాయమైంది. నీలం దిండు ఇప్పుడు ఆ కుర్చీలో ఉంటుంది. ఇంటికొచ్చాక వంతెన. నేను షాపు నుంచి వస్తూ అక్కడ కాసేపు కూర్చునేదాన్ని. పడేది, మళ్ళీ మొదలుపెట్టేది. ఆట జాలిపడలేదు. ఆవిడ కూడా దాన్ని అడగలేదు. పడినప్పుడు చేతివేళ్ళు లాగడం మానేసింది. ఏ రాయి దగ్గర ఎప్పుడు కదలాలో పెదవులతో చెప్పుకునేది, స్టాపుల పేర్లు చదివినట్టు. తమ్ముడితో మాట్లాడుతుంది. అన్నం తిన్నావా, గొడుగు తీసుకెళ్ళు, అంతవరకే. ఆట ముందు కూర్చున్నప్పుడు మాత్రం వాటా తలుపు గడియ పెట్టే ఉంటుంది.

మా ఆయన రోజూ నన్నే అడుగుతాడు. "దాటిందా?" నేను లేదంటాను. అది నిజమే, మొన్నటిదాకా.

మొన్న దాటింది. నేను పక్కనే ఉన్నాను. చివరి రాయి కూలుతుండగా ఎర్రగుడ్డవాడు అవతలి గట్టు మీద పడ్డాడు. వదిన కంట్రోలరు ఒళ్ళో పెట్టేసింది, ఆటే వాణ్ణి ముందుకు నడిపించింది. కొండ మెల్లగా పక్కకు జరిగింది. దాని వెనకాల గోడ లేదు. ఓ చిన్న ఏరు, ఏటి ఒడ్డున ఒక రాతి అరుగు. వాడు వెళ్ళి అరుగు మీద కూర్చుని, నెత్తికి కట్టిన గుడ్డ విప్పి, కాళ్ళు నీళ్ళలో పెట్టుకున్నాడు. అంతే. ఇంకేమీ లేదు. ఏరు పారుతూ ఉంది. మేమిద్దరం చాలాసేపు చూశాం. వదిన ఏడ్చింది, తుడుచుకుంది, మళ్ళీ చూసింది.

"ఓపిక అయిపోలేదు పాపం, గీసేవాడికి," అంది. తర్వాత నా చేయి పట్టుకుంది. "వాడికి చెప్పకు."

"ఆయన ప్రాణమంతా ఆ కొండ వెనకే ఉంది వదినా."

"తెలుసు. చెప్పకు."

ఆ సాయంత్రం మా ఆయన చెప్పులు విప్పుతూనే అడిగాడు. "దాటిందా?"

"లేదు," అన్నాను.

పెళ్ళయ్యాక ఆయనకు నేను చెప్పిన మొదటి అబద్ధం అది. ఆయన తలెత్తి నా మొహంలోకి చూశాడు, నమ్మాడు.